ఎండాకాలం పెరటి ఆటలు: మీ చోటుకి, మీ పిల్లలకి ఏది నప్పుతుంది?

ఏ ఆటైనా మొదటి పది నిమిషాలు బాగానే సాగుతుంది. అసలు సంగతి ఆ తర్వాత బయటపడుతుంది. కాళ్ళు కాలి ఒకడు లోపలికి పరిగెడతాడు, ఔటైనవాడు గోడెక్కి కూర్చుంటాడు, అందరికంటే చిన్నపిల్ల ఏడుపు అందుకుంటుంది. దీన్ని ఆట తప్పు అనలేం. ఆ వేళకీ, ఆ నేలకీ, ఆ జట్టుకీ నప్పని ఆట పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. కాబట్టి ఆటల పేర్లు చూసేముందు కొలమానాలు చూద్దాం.

## ముందు చూడాల్సినవి

ఎండ. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా ఎండ పదును ఎక్కువ. గడియారం చూడక్కర్లేదు, పిల్లల నీడ వాళ్ళ ఎత్తుకన్నా పొట్టిగా ఉంటే పరుగుల ఆటలు వద్దు. ఆ వేళలో ఆడక తప్పదంటే నీడలో, కూర్చునో నిలబడో ఆడేవే పెట్టాలి. నీళ్ళ ఆట కదా అని నడి మధ్యాహ్నం వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఒళ్ళు తడిగా ఉంటే వేడి తెలియదు, చర్మం మాత్రం కమిలిపోతూనే ఉంటుంది.

నేల. చాలా ఆటలు దీని దగ్గరే తేలిపోతాయి. అరచేతి వెనక భాగాన్ని నేలకి ఆనించి 5 సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే ఆ నేల మీద ఉత్తకాళ్ళతో ఆడనివ్వకూడదు. సిమెంటు నేల సూర్యుడు దిగాక కూడా చాలాసేపు వేడిగానే ఉంటుంది. ప్లాస్టిక్ గడ్డి పరిచిన చోటు మామూలు గడ్డికన్నా చాలా ఎక్కువ కాలుతుంది, చూడ్డానికి మాత్రం చల్లగా కనిపిస్తుంది. నున్నటి టైల్స్ మీద ఒక్క నీటిచుక్క పడినా పరుగు ఆటలన్నీ కొట్టేయండి.

ఔటైనవాళ్ళు ఎంతసేపు ఖాళీ? ఎక్కువమంది పెద్దవాళ్ళు పట్టించుకోని ప్రశ్న ఇది. ఆట నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది. ముందు ఔటయ్యేది ఎప్పుడూ చిన్నవాళ్ళూ, ఆట అంతగా రానివాళ్ళూ. అంటే ఎవరికి ఎక్కువ ఆట కావాలో వాళ్ళే ఎక్కువసేపు కూర్చుంటారు. ఇక తగవులు మొదలవుతాయి. ఒక మనిషి రెండు నిమిషాలకు మించి ఖాళీగా కూర్చోవాల్సిన ఆటని ఎంచుకోకండి, లేదా ఆ నియమాన్ని మార్చండి.

మందీ, వయసు తేడా. ముగ్గురితో జట్ల ఆట కుదరదు. వయసు తేడా మూడేళ్ళు దాటితే పరుగు మీద నడిచే ఆటల్లో గెలుపు ముందే ఖాయమైపోతుంది. గురి మీద నడిచే ఆటల్లో అయితే గీత ముందుకో వెనక్కో జరిపి సరిచేసుకోవచ్చు.

సరంజామా సంగతి చివర్లో చూసుకున్నా ఫర్వాలేదు. కింద చెప్పిన ఆటలన్నిటికీ ఇంట్లో దొరికే వస్తువులే సరిపోతాయి.

## ఒక్క చూపులో

| ఆట | ఎంతమంది | వయసు | చోటు | నేల | ఖాళీగా కూర్చోవడం | ఎప్పుడు |
|---|---|---|---|---|---|---|
| స్పాంజి పందెం | 4–10 | 4+ | 8 మీ. పొడవు | గడ్డి, మట్టి | తక్కువ | ఉదయం, సాయంత్రం |
| ఏడు పెంకులాట | 6–12 | 7+ | 10 × 8 మీ. | చదునైన మట్టి | తక్కువ | సాయంత్రం మాత్రమే |
| నాలుగు స్తంభాలాట | 5 | 5+ | 4 × 4 మీ. | జారనిది ఏదైనా | లేదు | సాయంత్రం |
| తొక్కుడుబిళ్ళ | 1–4 | 5+ | 1.5 × 4 మీ. | మట్టి, సిమెంటు | ఎక్కువ | నీడ ఉంటే ఎప్పుడైనా |
| రింగులు విసరడం | 1–6 | 3+ | 1 × 4 మీ. | ఏదైనా | మధ్యస్థం | నీడలో ఎప్పుడైనా |
| సబ్బు బుడగలు | 1–8 | 2+ | 3 × 3 మీ. | గడ్డి, మట్టి | లేదు | పొద్దున్నే, చీకటి పడేముందు |
| అడ్డంకుల పందెం | 1–6 | 4+ | 15 మీ. దారి | గడ్డి, మట్టి | మధ్యస్థం | ఉదయం, సాయంత్రం |
| తాడాట | 1–6 | 5+ | 5 × 3 మీ. | సిమెంటు, గట్టి మట్టి | మధ్యస్థం | సాయంత్రం |

## స్పాంజి పందెం

వేసవికి ఒక్క ఆటే చెప్పమంటే ఇదే. రెండు జట్లు. జట్టుకో సగం బకెట్టు నీళ్ళు, ఒక స్పాంజి, 6 నుంచి 8 మీటర్ల దూరంలో వెడల్పు మూతి ఉన్న ఖాళీ డబ్బా. స్పాంజి ముంచి, పరిగెత్తి, డబ్బాలో పిండి, తిరిగొచ్చి తర్వాతివాడికి అందించాలి. డబ్బా మీద గీసిన గీతదాకా నీళ్ళు ముందు ఎవరు నింపితే వాళ్ళు గెలిచినట్టు.

గీత ఎక్కడ పెట్టాలన్నదే కీలకం. ముందు మీరు ఆ స్పాంజిని ముంచి, నాలుగడుగులు వేసి, డబ్బాలో పిండి చూడండి. ఎంత నీరు చేరుతుందో తెలుస్తుంది. ఒక్కొక్కరికి మూడు నాలుగు పరుగులు వచ్చేలా లెక్క కట్టి గీత గీయండి. గీత మరీ పైన ఉంటే వెనకబడిన జట్టు మధ్యలోనే వదిలేస్తుంది. మరీ కింద ఉంటే చివర నిలబడ్డవాడికి వంతు రాకుండానే ఆట అయిపోతుంది. సన్నమూతి సీసాలు పెట్టకండి, సగం నీళ్ళు నేలపాలై పిల్లలకు విసుగొస్తుంది.

ఇందులో వచ్చే ఇబ్బంది జారడం. పది నిమిషాలకల్లా డబ్బా చుట్టూ బురద అవుతుంది, పిల్లలు సరిగ్గా అక్కడే గిర్రున తిరుగుతారు. రెండు ఆటలకోసారి డబ్బాని మీటరు పక్కకి జరపండి. సిమెంటు మీద ఆడాల్సి వస్తే పరుగు వద్దు, తడి స్పాంజిని నెత్తిమీద పెట్టుకుని నడిచే పందెంగా మార్చండి. ఆరేళ్ళ లోపు పిల్లలు ఈ రకాన్నే ఎక్కువ ఇష్టపడతారు.

గొట్టంతో బకెట్లు నింపేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఎండలో పడి ఉన్న గొట్టంలో నిలిచిన నీరు చర్మం కాలిపోయేంత వేడెక్కుతుంది. చల్లటి నీళ్ళు వచ్చేదాకా పక్కకి వదిలి, మీ చేయి పెట్టి చూశాకే పిల్లల వైపు తిప్పండి. ఆట అయిపోగానే బకెట్లు మొక్కలకి వంచేయండి. నడక నేర్చిన పసిపిల్లలు ఉన్న చోట అడుగున నాలుగైదు సెంటీమీటర్ల నీళ్ళు ఉన్నా ప్రాణాపాయమే.

నీళ్ళు నింపిన బెలూన్లు పెడితే పోలేదా అని చాలామంది అడుగుతారు. వద్దు. నింపడానికి అరగంట, పగలడానికి రెండు నిమిషాలు. ఆపైన రబ్బరు ముక్కలు గడ్డిలో మిగిలిపోతాయి. ఎనిమిదేళ్ళలోపు పిల్లలు అలాంటి ముక్క నోట్లో పెట్టుకుంటే ఊపిరి అడ్డుపడే ప్రమాదం ఉంది. దాని బదులు మూడు వంటింటి స్పాంజిల్ని ఒక్కోదాన్నీ పొడవుగా నాలుగు పట్టీలు కోయండి. పన్నెండు పట్టీల్నీ పేర్చి నడుమ గట్టిదారంతో బిగించి ముడివేస్తే విసరడానికి మంచి బంతి అవుతుంది. విసిరినా దెబ్బ తగలదు, బకెట్లో ముంచితే మళ్ళీ సిద్ధం. ప్లాస్టిక్ టై వాడకండి, దాని తెగిన కొస చర్మం గీరుతుంది. వాడాక ఎండలో ఆరబెట్టకపోతే రెండోరోజుకి కంపు కొడుతుంది.

## ఏడు పెంకులాట

పెద్దపిల్లలు, కాస్త పెద్ద చోటు ఉంటే దీనికి సాటి వచ్చేది లేదు. పరుగు, గురి, మాటు వేయడం అన్నీ ఒక్క ఆటలోనే ఉన్నాయి. పెంకుల్ని పడగొట్టిన జట్టు వాటిని మళ్ళీ పేర్చాలి, ఎదుటి జట్టు బంతితో కొట్టి ఆపాలి. పెంకులు 4 నుంచి 10 సెం.మీ. వెడల్పు, ఒకటిన్నర నుంచి 2 సెం.మీ. మందం ఉంటే బాగుంటుంది. పెద్దది అడుగున, చిన్నది పైన. పగిలిన పెంకుల అంచుల్ని గరుకు సిమెంటు మీద నాలుగుసార్లు రుద్దితే చేతులు కోసుకోవు. మందపాటి కొమ్మని బిళ్ళలుగా కోయించినా సరిపోతుంది.

కొత్తగా ఆడించేటప్పుడు సర్వసాధారణంగా మూడు చోట్ల ఆట చెడుతుంది. ఒకటి, పెంకులు అన్నీ పెద్దవి, బరువైనవి అయితే బంతి తగిలినా కదలవు, వంతు తర్వాత వంతు వృథా అవుతుంది. పైన రెండు పెంకులు చిన్నవీ తేలికవీ పెట్టి, బంతి విసిరే గీతని 5 మీటర్ల నుంచి 4కి తగ్గించండి. రెండు, కాపలా జట్టులో ఒకడు వెళ్ళి పెంకుల మీదే కాపు కాస్తాడు. మీటరు వ్యాసార్ధంతో వాటి చుట్టూ ఒక వలయం గీసి, కాపలా వాళ్ళు దాని లోపల నిలబడకూడదని చెప్పండి. మూడు, బంతి పట్టుకుని పరిగెత్తి దగ్గరకొచ్చి కొట్టడం. ఇక్కడే తొండి అనే కేకలు మొదలవుతాయి. బంతి చేతిలో ఉంటే రెండడుగులకు మించి వేయకూడదు, జట్టులో మరొకరికి అందించాల్సిందే. ఈ ఒక్క నియమంతో ఆట తీరే మారిపోతుంది, పరుగులో వెనకబడే పిల్లలకీ బంతి దొరుకుతుంది.

బంతి విషయంలో రాజీ వద్దు. అరిగిపోయిన టెన్నిస్ బంతి చాలు, గట్టి రబ్బరు బంతి వద్దు. నడుము కింద తగిలితేనే లెక్క అనాలి. పదేళ్ళలోపు పిల్లలు ఉంటే రెండు జతల మేజోళ్ళు చుట్టి ఉండ చేయండి, దూరం పోదు కాబట్టి చిన్న పెరట్లో కూడా పనికొస్తుంది. స్పాంజి పందెం ఆడిన వెంటనే ఇది ఆడనివ్వకండి. తడిసిన టెన్నిస్ బంతి బరువెక్కి దెబ్బ గట్టిగా తగులుతుంది.

బేసి సంఖ్యలో పిల్లలు ఉంటే ఒకరిని రెండు జట్లకీ పడగొట్టే వంతు వేసేవాడిగా పెట్టండి. ఐదేళ్ళ తమ్ముడు మొరాయిస్తే ఆటలో అరటిపండుగా చేర్చుకోండి. వాడికి బంతి తగిలినా ఔట్ లేదు, పెంకు పేరిస్తే మాత్రం లెక్క. పెద్దపిల్లలు ఒప్పుకుంటారు, ఎందుకంటే ఔట్ కాని ఆటగాడు వాళ్ళకీ లాభమే.

## నాలుగు స్తంభాలాట

ఐదుగురు ఉన్నారా, చేతిలో వస్తువులేవీ లేవా, అయితే ఇదే. నాలుగు మూలలా నలుగురు, మధ్యలో దొంగ. మూలలు మార్చుకునేటప్పుడు ఖాళీ అయిన మూలని దొంగ ఆక్రమిస్తే, చోటు పోయినవాడు కొత్త దొంగ. ఎవరూ ఆటలోంచి బయటకు పోరు. స్తంభాలు లేకపోతే 60 సెం.మీ. వలయాలు గీయండి. ఇనప కుర్చీలు పెట్టకండి, పరిగెత్తుకొచ్చి పట్టుకుంటే దెబ్బలు తగులుతాయి.

ఎదురయ్యే చిక్కు ఒకటే. చురుకైన ఇద్దరు తమలో తామే మార్చుకుంటూ ఉంటారు, మిగతా ఇద్దరు కదలరు. దొంగ పది దాకా పైకి లెక్కపెట్టాలి, ఆలోగా ఎవరూ కదలకపోతే అందరూ మూల వదలాల్సిందే. ఎదురెదురు మూలలకి అడ్డంగా పరిగెత్తడం నిషేధించండి, నడుమ తలలు ఢీకొనేది అప్పుడే. ఆరుగురైతే ఐదు మూలలు గీయండి. నలుగురితో మూడు మూలలు చాలు. ముగ్గురితో మాత్రం కుదరదు.

## నీడపట్టున ఆడేవి

తొక్కుడుబిళ్ళ ఒక్కరున్నా ఆడుకోగల ఆట కాబట్టి దాని విలువ వేరు. గడి కొలత పిల్లల అడుగుని బట్టి ఉండాలి. ఐదారేళ్ళ వాళ్ళకి 35 సెం.మీ., పెద్దవాళ్ళకి 40 నుంచి 45. గడి పెద్దదైతే చిన్నపిల్లలు ప్రతిసారీ గీత తొక్కి ఔటవుతారు, రెండు రోజుల్లో ఆట మానేస్తారు. మట్టి మీద పుల్లతో గీసి కాస్త నీళ్ళు చల్లితే గీతలు చెదరవు. సిమెంటు మీద సుద్దముక్కతో గీయొచ్చు కానీ బిళ్ళ జారి పక్క గడిలోకి పోతుంది. గుప్పెడు ఇసుక పోసి కుట్టిన 6 సెం.మీ. గుడ్డసంచి బిళ్ళగా వాడితే పడ్డచోటే ఆగుతుంది. హవాయి చెప్పులతో గెంతనివ్వకండి. ఉత్తకాళ్ళు, లేదా కాలికి పట్టి ఉండే బూట్లు.

దీని లోపం నిరీక్షణ. ఆడటం వచ్చిన పిల్ల ఒక్కసారి మొదలుపెడితే నాలుగైదు గళ్ళు దాటేదాకా ఔటవదు, మిగతావాళ్ళు దిక్కులు చూస్తుంటారు. ముగ్గురు దాటితే పక్కపక్కనే రెండు పటాలు గీయండి. ఆరు గళ్ళు గీసే పని రెండు నిమిషాలే.

రింగులు విసరడం వయసు తేడాకి మంచి మందు. నీళ్ళగొట్టం 60 సెం.మీ. ముక్క కోసి, రెండు కొసల్లోకీ దూరేలా చిన్న పుల్ల ఇరికించి టేపు చుడితే సుమారు 19 సెం.మీ. వెడల్పు రింగు తయారు. లీటరు సీసాల్లో మూడోవంతు ఇసుక పోయండి, ఖాళీ సీసాలు గాలికే పడిపోతాయి. నాలుగేళ్ళ వాళ్ళకి మీటరు, ఏడెనిమిదేళ్ళ వాళ్ళకి 2 మీటర్లు, పదేళ్ళు దాటితే 3. ఒక్కొక్కరికి మూడు రింగులు చాలు. ఐదారు ఇస్తే పక్కవాడి వంతు వచ్చేసరికి గోల మొదలవుతుంది.

సబ్బు బుడగలు ఆట కాదని పెద్దపిల్లలు తీసిపారేస్తారు, పెద్ద బుడగ చూసేదాకా. 6 కప్పుల నీళ్ళు, 1 కప్పు గిన్నెలు కడిగే లిక్విడ్, 1 టేబుల్ స్పూన్ గ్లిజరిన్. నురగ రాకుండా మెల్లగా కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పైన నురగ తేలితే తీసేయాలి, దాన్ని తాకిన బుడగ నిలవదు. రెండు పుల్లల మధ్య 40 సెం.మీ. నూలుదారం, దాని కింద 80 సెం.మీ. వేలాడే దారం కట్టండి. నడుమ చిన్న బరువు వేలాడదీస్తే అందులోంచి చేతికొలత బుడగలు వస్తాయి. నైలాన్ దారం పనికిరాదు, అది ద్రావణాన్ని పీల్చుకోదు. పొడి గాలిలో బుడగ పొర త్వరగా ఆరి పగిలిపోతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం ఎంత ప్రయత్నించినా రావు, పొద్దున్నే తేమ ఉన్నప్పుడు వాటంతటవే వస్తాయి. సిమెంటు, టైల్స్ మీద వద్దు, ఆ చోటంతా సబ్బుతో జారుతుంది.

## మిగిలినవి, క్లుప్తంగా

అడ్డంకుల పందేనికి ఐదు మజిలీలు చాలు. నేలమీద వంకరటింకరగా పరిచిన తాడు మీద నడక, 60 సెం.మీ. ఎత్తు కర్ర కింద నుంచి దూరడం, మీటరున్నర నుంచి బకెట్లో బంతి వేయడం, నిండు గ్లాసుతో నాలుగు మీటర్లు నడవడం, చివర పరుగు. తూకంగా నడిచేవి ముందు, పరుగు ఆఖర్న. తారుమారు చేస్తే ఆ వేగంలోనే తాడెక్కి బోర్లాపడతారు. గడియారం పట్టి ఎవరి సమయం వాళ్ళే మెరుగుపరుచుకునేలా చేస్తే ఒక్కగానొక్క పిల్లాడు కూడా గంటసేపు ఆడతాడు.

తాడాటకి తాడు మధ్యలో నిలబడి కొసలు పైకి లాగితే చంకల దాకా రావాలి. ఇద్దరు తిప్పే పెద్ద తాడైతే 4 నుంచి 5 మీటర్లు, వేలి మందం నూలుది. సన్న నైలాన్ తాడు పిక్కలకి తగిలితే చురుక్కుమంటుంది, గాలికి తేలిపోతుంది కూడా.

బ్యాడ్మింటన్ చాలామందికి మొదట తోచే ఆట. బరువు సుమారు 5 గ్రాములే ఉండే షటిల్‌ని ఏ మాత్రం గాలైనా ఎత్తుకుపోతుంది. గాలి పడిపోయిన సాయంత్రాలకి, వల 1.2 మీటర్ల ఎత్తున కట్టి, దాచుకోండి. దాగుడుమూతలకి చోటు కొదవ ఉండదు కానీ దాక్కోకూడని చోట్లు ముందే చెప్పాలి. ఆగి ఉన్న కారు అన్నిటికంటే ముందు. ఎండలో కారు లోపల నిమిషాల్లో వేడి పెరుగుతుంది, తలుపు పడితే లోపలి పిల్ల అరిచినా వినబడదు. కార్లకి తాళం వేసి ఉందో లేదో మీరే చూడండి. కట్టెల మోపుల చాటూ వద్దు.

## మీ పరిస్థితి ఏది?

ఒక్కరే పిల్ల, మీకు పని ఉంది: తొక్కుడుబిళ్ళ, రింగులు. రెండూ నీడలోకి మార్చుకోవచ్చు, రెండిటిలోనూ పిల్ల తనతో తనే పోటీ పడుతుంది. నీళ్ళు కలిసిన ఆటకి మాత్రం పెద్దమనిషి చూపు తప్పనిసరి.

ఐదేళ్ళవాడు, పదకొండేళ్ళది: రింగులు, స్పాంజి పందెం. పెద్దదానికి స్పాంజిని నెత్తిన పెట్టి, చిన్నవాడిని తన స్పాంజిని చేత్తో మోయనివ్వండి. పరుగుపందేలు పెడితే ఏడుపులు ఖాయం.

పదిమంది ఒక్కసారి దిగారు: ముందు స్పాంజి పందెం, అందరూ చల్లబడి ఒళ్ళు ఆరాక ఏడు పెంకులాట. రెండిటికీ నడుమ పదిహేను నిమిషాలు నీడలో కూర్చోబెట్టి నీళ్ళు తాగించండి. తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి ఆటలో ప్రతి 20 నిమిషాలకీ 100 నుంచి 250 మి.లీ. నీళ్ళు కావాలి. అడగలేదని ఊరుకోకూడదు, ఆటలో ఉన్న పిల్లలకి దాహం గుర్తుండదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చేలా ఉందనడం, వీటిలో ఏది ఉన్నా ఆట ఆపి నీడకి చేర్చి ఒంటిమీద తడిగుడ్డ వేయండి. మాట తడబడినా, స్పృహ తప్పుతున్నట్టున్నా క్షణం ఆగకుండా అత్యవసర వైద్యసాయం పిలవాలి.

నీళ్ళకి కటకట: నీళ్ళ ఆటలు తీసేయండి, లేదా ఒక్క బకెట్టు స్పాంజి బంతులతో సరిపెట్టండి. ఒక్కో బంతికి కొద్ది నీళ్ళే పడతాయి.

పెరడంతా సిమెంటు: ఉత్తకాళ్ళ ఆటలేవీ పొద్దెక్కాక వద్దు. సాయంత్రం ఆటకి అరగంట ముందు నేల మీద నీళ్ళు చల్లి, పూర్తిగా ఆరనిచ్చి, చేతి వెనక భాగంతో మళ్ళీ పరీక్షించండి. చల్లబడిందంటే తాడాట, తొక్కుడుబిళ్ళ, నాలుగు స్తంభాలాట. నాలుగు స్తంభాలాటకి మూలల్ని గోడలకి కనీసం మీటరున్నర ఎడంగా గీయండి, పిల్లలు వేగంగా వచ్చి ఆగేది మూల దాటాకే.